హోండా సిటీ: ఐదు తరాల్లో టార్క్ ఎక్కడికి జరిగింది

2008లో వచ్చిన హోండా సిటీ పెట్రోల్ ఇంజిన్ పవర్ 118 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). 2014లో వచ్చిన బండిది 119. 2020లో వచ్చినదానిది 121. పన్నెండేళ్లలో పెరిగింది మూడంటే మూడే. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఆ మాత్రం కూడా పెరగలేదు. 146 న్యూటన్ మీటర్లు ఉన్నది 145కి వచ్చి అక్కడే ఉండిపోయింది. ఈ అంకెలు చూసి "పాత ఇంజిన్‌కే కొత్త బాడీ తొడుగుతున్నారు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఈ మూడు బండ్లనూ ఒకే రోజు ఒకే రోడ్డు మీద నడిపితే ఆ మాట నోట రాదు. మూడూ మూడు రకాలుగా లాగుతాయి.

ఆ తేడా బ్రోషర్‌లోనే ఉంటుంది, టార్క్ అంకె పక్కనే. 2008 బండి తన పూర్తి టార్క్‌ను 4800 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఇస్తుంది. 2014 బండి 4600 దగ్గర, 2020 బండి 4300 దగ్గర ఇస్తాయి. నేను పాత సెడాన్లు పరీక్షించి, బాగుచేసే షెడ్ నడుపుతాను. బండి కొనడానికి వచ్చేవాళ్లు ముందు పవర్ అడుగుతారు, ఆ తర్వాత మైలేజ్ అడుగుతారు. టార్క్ ఎంత ఆర్‌పీఎం దగ్గర వస్తుందని అడిగేవాళ్లు అరుదు. బండి స్పోర్టీగా అనిపించడానికీ, అనిపించకపోవడానికీ సగం కారణం అక్కడే ఉంది. మిగతా సగం బరువు, గేర్లు, టైర్లు, సీటు ఎత్తు. సిటీ కథను ఆ కోణం నుంచి చూస్తేనే అర్థమవుతుంది.

1998: కింద కూర్చోబెట్టిన బండి

సిటీ అనే పేరు 1981లో జపాన్‌లో వచ్చిన ఒక పొట్టి హ్యాచ్‌బ్యాక్‌ది. దాని డిక్కీలో మడిచి పెట్టుకునేలా మోటోకాంపో అనే బుల్లి స్కూటర్‌ను కూడా హోండా తయారు చేసింది. ఆ పేరునే 1996లో థాయ్‌లాండ్‌లో, ఆసియా దేశాల కోసం చేసిన సెడాన్‌కు పెట్టారు. మన దేశంలో 1995లో హోండా సియెల్ కంపెనీ ఏర్పడింది. గ్రేటర్ నోయిడాలో ఫ్యాక్టరీ కట్టి, 1998 జనవరిలో సిటీని మార్కెట్లోకి తెచ్చారు. అందుకే మనవాళ్లు తరాల లెక్క అక్కడి నుంచి మొదలుపెడతారు. నేనూ అదే లెక్క పాటిస్తున్నాను.

1.3 లీటర్, 1.5 లీటర్ అని రెండు ఇంజిన్లతో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన 1.5 వీటెక్ 106 హార్స్‌పవర్‌ది. అభిమానులు "ఓహెచ్‌సీ వీటెక్" అని పిలిచేది దాన్నే. అప్పట్లో రోడ్ల మీద మారుతి ఎస్టీమ్, మిత్సుబిషి లాన్సర్, ఓపెల్ ఆస్ట్రా, ఫోర్డ్ ఐకాన్ ఉండేవి. ఇవాళ ఆ పేర్లన్నీ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కూడా అరుదైపోయాయి.

వీటెక్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. మామూలు ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ అనే తిరిగే కడ్డీ మీది లోబ్ (ఉబ్బెత్తు) వాల్వ్‌ను ఎప్పుడూ ఒకే ఎత్తుకు, ఒకే వ్యవధిపాటు తెరుస్తుంది. ట్రాఫిక్‌లో మెల్లగా వెళ్లేటప్పుడు సరిపోయే లోబ్, 6000 ఆర్‌పీఎం దగ్గర గాలి చాలక ఇంజిన్‌కు ఊపిరాడకుండా చేస్తుంది. పైన బాగా పనిచేసే లోబ్ పెడితే కింద బండి వణుకుతుంది. వీటెక్‌లో రెండు రకాల లోబ్‌లూ ఉంటాయి. ఒక ఆర్‌పీఎం దాటాక ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ను జరిగి రాకర్ ఆర్మ్‌లను (వాల్వ్‌లను నొక్కే మీటలను) కలిపి లాక్ చేస్తుంది. అక్కడి నుంచి వాల్వ్‌లు పెద్ద లోబ్ చెప్పినట్టు తెరుచుకుంటాయి. ఇదంతా ఆయిల్ ప్రెషర్ మీద నడిచే వ్యవహారం కాబట్టి, ఈ ఇంజిన్‌లో చౌక ఆయిల్ పోయడం, మార్చే గడువు దాటించడం నేను ఒప్పుకోను.

అయితే ఆ బండి స్పోర్టీ అనిపించడానికి వీటెక్ ఒక్కటే కారణం అంటే ఒప్పుకోలేను. బండి ఎత్తు 1395 మిల్లీమీటర్లు మాత్రమే. బరువు దాదాపు ఒక టన్ను. డ్రైవర్ సీటు నేలకు దగ్గరగా ఉంటుంది, డ్యాష్‌బోర్డ్ కూడా కిందకే ఉంటుంది, చుట్టూ అద్దాలు పెద్దవి. యాక్సిలరేటర్‌కు కేబుల్ ఉంటుంది. కాలు ఎంత కదిలితే థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు) అంతే తెరుచుకుంటుంది, మధ్యలో కంప్యూటర్ నిర్ణయం ఏమీ లేదు. స్టీరింగ్ హైడ్రాలిక్. రోడ్డు మీద గరుకు చేతికి తెలుస్తుంది. ఇవన్నీ కలిసి 106 అంకెను 130లా అనిపింపజేస్తాయి.

ఇప్పుడు ఈ తరం బండి కొనేవాళ్లకు ఒకే మాట చెబుతాను. క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పడానికి దీనికి టైమింగ్ చైన్ లేదు, బెల్ట్ ఉంది. ఆ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, బండి ఇంటికి తెచ్చిన వెంటనే ముందు దాన్నే మార్చాలి.

2003: అభిమానులు ఒప్పుకోని తరం

రెండో తరం వచ్చినప్పుడు స్పోర్టీ బండి కోసం ఎదురుచూసినవాళ్లకు పెద్ద దెబ్బే తగిలింది. ఇంజిన్ 1.5 లీటరే, కానీ పవర్ 77 పీఎస్. సిలిండర్‌కు నాలుగు వాల్వ్‌లకు బదులు రెండే. ఐ-డీఎస్ఐ అనే ఈ ఇంజిన్‌లో సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్‌లు, మొత్తం ఎనిమిది ప్లగ్‌లు ఉంటాయి. పొయ్యికి రెండు వైపులా నిప్పు అంటించినట్టు, మిశ్రమం రెండు చోట్ల నుంచి మండుతుంది. దాంతో మంట త్వరగా పూర్తవుతుంది, పెట్రోల్ ఆదా అవుతుంది.

బండి కూడా పూర్తిగా మారిపోయింది. ఇది హోండా హ్యాచ్‌బ్యాక్ జాజ్ ప్లాట్‌ఫామ్ మీద కట్టిన సెడాన్. పెట్రోల్ ట్యాంక్‌ను వెనక సీటు కింద నుంచి తీసి ముందు సీట్ల కింద పెట్టారు. వెనక స్థలం బాగా పెరిగింది, డిక్కీ లోతైంది. బండి ఎత్తు 1395 నుంచి 1485 మిల్లీమీటర్లకు, అంటే తొమ్మిది సెంటీమీటర్లు పెరిగింది. ముందు సీట్లు కూడా పైకి వచ్చాయి. నేలకు దగ్గరగా కూర్చుని నడిపే అనుభవం ఈ తరంతో పోయింది, మళ్లీ రాలేదు. స్టీరింగ్ కూడా ఎలక్ట్రిక్ అయింది.

అభిమానుల బాధ నాకు తెలుసు. అయినా సిటీని నిలబెట్టింది ఈ తరమేనని నా గట్టి నమ్మకం. ఐ-డీఎస్ఐ పూర్తి టార్క్ 2700 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేది. మన ఊళ్లలో సగటు మనిషి బండి నడిపే చోటు అదే. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు, ఫ్లైఓవర్ ఎక్కి దిగడానికి, పాత 106 హార్స్‌పవర్ బండి కంటే ఈ 77 పీఎస్ బండి డ్రైవర్‌కు తక్కువ పని పెట్టేది. గేర్ మార్చకుండానే లాగేసేది. పైకి వెళ్లేకొద్దీ మాత్రం ఇంజిన్ చేతులెత్తేస్తుంది. హైవే మీద లారీని దాటాలంటే ముందే లెక్క వేసుకోవాలి. కంపెనీ కూడా విమర్శ విని, ఆ తర్వాత వీటెక్ ఇంజిన్‌ను తిరిగి తెచ్చింది. 2005లో ముఖం మార్చి జెడ్‌ఎక్స్ అని పేరు పెట్టింది. దాని వీటెక్ బాగుంటుంది, కానీ మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఐ-డీఎస్ఐనే.

2008: 118 పీఎస్, సన్నటి టైర్లు, ఒక కస్టమర్

మూడో తరం 2008 సెప్టెంబర్‌లో వచ్చింది. ముక్కు బాణంలా సన్నబడింది, పక్కల గీత వెనక్కి ఎగబాకింది. చూడగానే స్పోర్టీ అనిపించే మొదటి సిటీ ఇదే. 1497 సీసీ ఐ-వీటెక్ ఇంజిన్ 6600 ఆర్‌పీఎం దగ్గర 118 పీఎస్ ఇస్తుంది. టైమింగ్ బెల్ట్ బాధ లేదు, చైన్ ఉంది. 4000 దాటాక ఈ ఇంజిన్ స్వరం మారుతుంది, రెడ్‌లైన్ (ఆర్‌పీఎం గరిష్ఠ హద్దు) దాకా హుషారుగా పరుగెత్తుతుంది. ఆ స్వరం కోసమే ఇప్పటికీ ఈ తరాన్ని వెతికి కొనేవాళ్లున్నారు.

అలాంటి ఒక కుర్రాడు 2010 మోడల్ మాన్యువల్ తీసుకుని వచ్చాడు. అంతకుముందు వాళ్లింట్లో డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఉండేది. "అన్నా, 118 అని కొన్నాను. విజయవాడ హైవే మీద నాలుగో గేర్‌లో తొక్కితే మా పాత డీజిల్ అంత కూడా లాగట్లేదు. రీమ్యాప్ చేసేద్దామా?" అని అడిగాడు. ఇదే ప్రశ్నతో చాలామంది వస్తారు కాబట్టి ఈ బండి మీద చేసిన పని వివరంగా చెబుతాను.

ముందు అతనే నడుపుతుంటే పక్కన కూర్చున్నాను. 2200 ఆర్‌పీఎం రాగానే పై గేర్‌కు మారుస్తున్నాడు. ఓవర్‌టేక్‌కి నాలుగో గేర్‌లోనే యాక్సిలరేటర్ అడుగు దాకా తొక్కుతున్నాడు. డీజిల్ టర్బోకు ఆ పద్ధతి సరైనదే, అక్కడ టార్క్ 2000 దగ్గరే ఉంటుంది. ఈ ఇంజిన్‌లో టార్క్ 4800 దగ్గర ఉంది. ఆర్‌పీఎం సగానికి కూడా చేరని చోట అతను దాన్ని వెతుకుతున్నాడు. మూడో గేర్‌లోకి దించి 4000 పైన ఉంచి దాటమన్నాను. మొదట ఇంజిన్ శబ్దానికి టెన్షన్ పడ్డాడు. ఈ ఇంజిన్‌ను చేసిందే ఆ శబ్దం కోసమని చెప్పాక అలవాటు పడ్డాడు.

రీమ్యాప్, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం, వద్దన్నాను. టర్బో ఉన్న ఇంజిన్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) పెంచితే పవర్ నిజంగానే పెరుగుతుంది. టర్బో లేని ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పెరగదు. ఇగ్నిషన్ టైమింగ్ కాస్త జరిపితే వచ్చే లాభం ఖర్చుకు తగ్గట్టు ఉండదు. కంపెనీ ఆ ఇంజిన్ నుంచి తీయగలిగినదంతా ముందే తీసేసింది. మన పని ఆ 118 చక్రాల దాకా పూర్తిగా చేరేలా చూడటం.

అక్కడి నుంచి చేసినదంతా మామూలు షెడ్ పనే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ట్యాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వ్‌కూ దాన్ని నొక్కే మీటకూ మధ్య ఖాళీ, కొలిచాం. ఈ ఇంజిన్లలో ట్యాపెట్లు స్క్రూతో సర్దేవి, వాటంతట అవి సర్దుకోవు. చాలామంది టకటకమని శబ్దం వస్తేనే ట్యాపెట్లు చూపిస్తారు. వాల్వ్ సీటు అరిగేకొద్దీ ఎగ్జాస్ట్ వైపు గ్యాప్ తగ్గి, శబ్దం రాకుండా బిగుసుకుపోయేది అసలు ప్రమాదం. వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, వదిలేస్తే వాల్వ్ అంచు కాలిపోతుంది. గ్యాస్ కిట్ పెట్టిన బండ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఈ బండిలో ఎగ్జాస్ట్ ట్యాపెట్లు బిగువుగానే ఉన్నాయి. సర్దాక ఐడ్లింగ్‌లో ఉన్న చిన్న వణుకు పోయింది. థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాం, ప్లగ్‌లు మార్చాం. ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌కు ఉండే రబ్బర్లు) వయసు మీద పడి చీలిపోయాయి. కొత్తవి వేశాం. బుష్‌లు పోయిన బండిలో కాలు వేసినప్పుడు శక్తి ముందు రబ్బరును నొక్కడానికి పోతుంది, ఆ తర్వాతే చక్రానికి చేరుతుంది. బండి బద్ధకంగా ఉందని జనం అనేదానిలో ఇదీ ఒక భాగం.

టైర్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఈ తరం సిటీకి కంపెనీ ఇచ్చిన సైజు 175/65 ఆర్15, అంటే వెడల్పు 175 మిల్లీమీటర్లు. 118 పీఎస్ బండికి ఇది సన్నం. మైలేజ్ కోసం, స్టీరింగ్ తేలిగ్గా ఉండటం కోసం అలా ఇచ్చారని అర్థమవుతుంది. కానీ వానలో గట్టిగా బ్రేక్ వేస్తే ఏబీఎస్ తొందరపడి పనిచేయడం మొదలుపెడుతుంది, మలుపులో ముందు టైర్లు కీచుమంటాయి. బండి సత్తా టైర్ల దగ్గరే ఆగిపోతుంది. ఈ కుర్రాడి బండికి 195/60 ఆర్15 వేశాం. పాత టైరు మొత్తం వ్యాసం సుమారు 608 మిల్లీమీటర్లు, కొత్తది 615. తేడా ఒక శాతం. స్పీడోమీటర్ లెక్క దాదాపు మారదు, ఫెండర్‌కు తగలదు. ఇంతకంటే వెడల్పు కావాలంటే రిమ్ వెడల్పు కూడా చూసుకోవాలి, రిమ్ మార్చకుండా 205 ఎక్కించడం నాకు ఇష్టం లేదు. మైలేజ్ కొంచెం తగ్గుతుందని ముందే చెప్పాను, తగ్గింది కూడా. అలైన్‌మెంట్ చేశాక శ్రీశైలం ఘాట్‌లో నడిపి వచ్చి, పవర్ పెరిగిందా అని అతనే అడిగాడు. పవర్ ఒక్క హార్స్ కూడా పెరగలేదు. మలుపుల్లో వేగం తగ్గించాల్సిన అవసరం తగ్గింది.

ఈ తరం ఇంత మంచిదైనా కష్టాలు పడింది. 2010 జూన్‌లో ప్రభుత్వం పెట్రోల్ ధర మీద నియంత్రణ ఎత్తేసింది, డీజిల్ మీద ఎత్తేయలేదు. రెండింటి ధరల మధ్య తేడా పెరిగిపోయింది. డీజిల్ ఇంజిన్లతో పోటీ సెడాన్లు ఫోక్స్‌వ్యాగన్ వెంటో, కొత్త హ్యుందాయ్ వెర్నా వచ్చాయి. సిటీకి డీజిల్ లేదు. 4800 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లి ఆనందించే ఇంజిన్‌కు అది మంచి కాలం కాదు.

2014: డీజిల్ వచ్చింది

నాలుగో తరాన్ని 2013 నవంబర్‌లో ప్రపంచంలో అన్నిటికంటే ముందు మన దేశంలోనే చూపించారు. 2014 జనవరిలో అమ్మకాలు మొదలయ్యాయి. 1.5 ఐ-డీటెక్ డీజిల్, 100 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్లు. మైలేజ్ బాగా ఇస్తుంది, లాంగ్ డ్రైవ్‌కు ఇప్పటికీ నేను సిఫార్సు చేస్తాను. శబ్దం మాత్రం ఎక్కువ. అదే ఏడాది అక్టోబర్‌లో డీజిల్ ధర మీద కూడా నియంత్రణ ఎత్తేశారు. ఏ లాభం కోసం ఆ ఇంజిన్ తెచ్చారో అది మెల్లగా తగ్గిపోయింది.

పెట్రోల్ ఆటోమేటిక్‌లో పాత ఐదు గేర్ల బాక్స్ పోయి సీవీటీ (విడి గేర్లు లేని ఆటోమేటిక్) వచ్చింది. కాలు మెత్తగా వేసేవాళ్లకు హాయిగా ఉంటుంది. గట్టిగా తొక్కితే ఇంజిన్ ముందు అరుస్తుంది, బండి తర్వాత కదులుతుంది. స్పోర్టీ తనం కోసం కొనేవాళ్లు ఈ తరంలో పెట్రోల్ మాన్యువల్‌నే చూడాలి. 2017లో పై వేరియంట్లకు 185/55 ఆర్16 టైర్లు ఇచ్చారు. ఆ ఒక్క మార్పుతో బండి నిలకడ పెరిగింది.

2020 తర్వాత

ఐదో తరం వెడల్పు 1695 నుంచి 1748 మిల్లీమీటర్లకు పెరిగింది. పొడవు 4549కి చేరింది. ఇంజిన్‌కు రెండు క్యామ్‌షాఫ్ట్‌లు వచ్చాయి. 145 న్యూటన్ మీటర్ల టార్క్ 4300 దగ్గరికి దిగింది. మాన్యువల్‌కు ఆరో గేర్ వచ్చింది. హైవే వేగానికి ఆరోది ఉంది కాబట్టి కింది గేర్లను దగ్గరగా సర్దుకునే వీలు దొరికింది. వెడల్పు పెరగడం వల్ల మలుపుల్లో బండి పక్కకు ఒరగడం బాగా తగ్గింది. కాగితం మీద మూడు పీఎస్ తేడా కనిపించే ఈ బండి, 2008 బండి కంటే నగరంలో ఎంతో చురుకైనది. ముందు తరాల్లో మూడో గేర్‌కు దించాల్సిన చోట ఇందులో నాలుగులోనే పని జరిగిపోతుంది. 4000 పైన స్వరం మారే ఆ పాత సరదా మాత్రం పలచబడింది.

థాయ్‌లాండ్‌లో ఇదే బండికి 1.0 లీటర్ టర్బో ఇచ్చారు. 122 పీఎస్, 173 న్యూటన్ మీటర్లు. మనకు ఇవ్వలేదు. అప్పట్లో అది సరైన నిర్ణయమే అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. టర్బో లేని, చేతికి హాయిగా పడే గేర్‌బాక్స్ ఉన్న పెట్రోల్ సెడాన్‌ను పదేళ్లు ఉంచుకునేవాడికి నిర్వహణ తేలిక. కానీ నేరుగా పరుగెత్తే పోటీలో సిటీ వెనకబడిందన్నది నిజం. 2022లో వచ్చిన స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌ల 1.5 టర్బో 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. 2023 వెర్నా టర్బో 160 పీఎస్ ఇస్తుంది. వేగమే కావాలనుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లను ఆ బండ్లు చూడమనే పంపుతాను.

2022 మేలో వచ్చిన హైబ్రిడ్ సిటీ ఈ కథలో అందరూ మైలేజ్ బండిగా మాత్రమే చూసే భాగం. ఇందులో గేర్‌బాక్స్ లేదు. 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్ ఎక్కువ సేపు జనరేటర్‌ను తిప్పుతుంది, చక్రాలను ఎలక్ట్రిక్ మోటార్ తిప్పుతుంది. హైవే వేగంలో మాత్రం క్లచ్ కలిసి ఇంజిన్ నేరుగా చక్రాలకు అందుతుంది. మోటార్ టార్క్ 253 న్యూటన్ మీటర్లు. పోటీవాళ్లు టర్బోతో తెచ్చుకున్న అంకె ఇది. పైగా ఈ టార్క్ సున్నా ఆర్‌పీఎం నుంచే ఉంటుంది. 4800 నుంచి 4600కి, అక్కడి నుంచి 4300కి దిగుతూ వచ్చిన గీత సున్నా దగ్గర ఆగింది. సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు ఇంతకుముందు ఏ సిటీలోనూ లేని తోపు ఇందులో ఉంది.

దానికి మూల్యం కూడా ఉంది. బరువు సుమారు 1280 కిలోలు, అంటే మామూలు పెట్రోల్ బండి కంటే వంద కిలోలకు పైగా ఎక్కువ. బ్యాటరీ డిక్కీలోకి వచ్చింది, 506 లీటర్ల చోటు 306కి తగ్గింది. నలుగురు కుటుంబంతో సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు కొనేముందు సూట్‌కేసులు పెట్టి చూసుకోవాలి. వెనక కూడా డిస్క్ బ్రేకులు ఇచ్చారు, మామూలు పెట్రోల్‌కు డ్రమ్ములే.

ఘాట్ రోడ్డులో ఈ బండి నడిపేవాళ్లు స్టీరింగ్ వెనక ఉన్న ప్యాడిల్స్ వాడటం నేర్చుకోవాలి. అవి గేర్లు మార్చేవి కావు, కాలు తీసినప్పుడు మోటార్ ఎంత గట్టిగా ఆపాలో చెప్పేవి. దిగేటప్పుడు వాటిని వాడితే బ్రేక్ ప్యాడ్లు వేడెక్కవు, బ్యాటరీ నిండుతుంది. దిగుడు చాలా పొడవుంటే బ్యాటరీ నిండిపోయి, ఇంజిన్ ఒక్కసారిగా గట్టిగా తిరిగే శబ్దం వస్తుంది. మిగిలిన శక్తిని ఖర్చు చేయడానికి బండి ఇంజిన్‌ను తిప్పుతోందని అర్థం. ఏదో పాడైందని కంగారుపడి బండి పక్కన ఆపాల్సిన పని లేదు.